ఆరో సంతకం

పంటు నది మధ్యకు వచ్చింది. హైరమ్ వెస్కాట్ గాడిచెక్కను ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన మోకుకు తగిలించి, రెండు చేతులా బిగించి, ముందు అంచు నుంచి వెనక అంచు దాకా నడిచాడు. ఆయన వెనక్కి నడిస్తే కాళ్ల కింద పంటు ముందుకు జరుగుతుంది. వెనక అంచు చేరాక చెక్క విప్పుకుని, ఖాళీ చేతులతో మళ్లీ ముందుకు వచ్చి, మళ్లీ తగిలించాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఇరవై రెండు నడకలు. నీరు పోటుమీద ఉంటే ఇరవై ఆరు. ఇరవై నాలుగేళ్లుగా ఆ నలభై అడుగుల పలకల మీదే నడుస్తున్నాడు.

ఆయనకు అరవై ఏడు. పొట్టి మనిషి. మోకు లాగీ లాగీ కుడి భుజం ఎడమ భుజం కన్నా రెండు వేళ్లు ఎత్తుగా తిరిగింది. అరచేతుల చర్మం పాత జీనులా నల్లబడి మెరుస్తుంది. గడ్డం నోటి చుట్టూ పొగాకు రంగు, మిగతాదంతా తెలుపు. బూట్లు ఏడాదిలో ఏ రోజూ పూర్తిగా ఆరవు. గాడిచెక్క ఓక్ కర్ర ముక్క, మూరెడు పొడవు, నడుమ మోకు పట్టేంత గాడి. రెండు కొసలూ ఆయన గుప్పిట ఆకారానికే అరిగిపోయి ఉంటాయి. ఇంకెవరైనా పట్టుకుంటే చేతిలో కుదరదు.

పంటు మీద రెండు బండ్లు, తొమ్మిది మంది మనుషులు. అందరూ తూర్పు గట్టున ఉన్న బడికి పోతున్నారు. పంతొమ్మిది వందల రెండు, జూన్ రెండు, సోమవారం. ఎనిమిదింటికి ఓటింగు మొదలు.

"ఏం మామా, ఇవాళ పాఠం లేదా?" అన్నాడు జెస్ ప్రూయిట్. రేగుపళ్లంత నల్ల ప్లమ్ పళ్లు కాసే తోట అతనిది. "ఎనిమిదేళ్ల నుంచి వింటున్నాం. వినకుండా దాటితే నది దాటినట్టే లేదు."

"ఇవాళ పరీక్ష," అన్నాడు హైరమ్. "పాఠం నిన్నటితో అయిపోయింది."

నవ్వారు. దాటించినందుకు డబ్బు పుచ్చుకుంటాడు, ఉపన్యాసం మాత్రం ఊరికే ఇస్తాడు అని ఆయన మీద రెండు గట్లలోనూ ఉన్న పరిహాసం. పంటు ఎక్కినవాడు దిగి పారిపోలేడు. ఆ పావుగంటలో హైరమ్ చెప్పేది ఒకటే. రాజధాని సేలమ్‌లో శాసనసభ చేయనని మొండికేసిన చట్టాన్ని మనమే రాసి ఓటుకు పెట్టుకోవాలి. వాళ్లు చేసిన పాడు చట్టాన్ని మనమే ఓటేసి కొట్టెయ్యాలి. ఆ రెండు హక్కులూ ఆరెగాన్ రాష్ట్ర రాజ్యాంగంలో ఎక్కాలి. ఇవాళ ఓటు చీటీ మీద ఉన్న ప్రశ్న అదే. అవునా, కాదా.

దీన్ని ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. రైతు సంఘం హాళ్లలో, గడ్డివాముల నీడలో, ఈ పంటు మీద, దరఖాస్తుల మీద సంతకాలు పోగుచేసి, వరసగా రెండు విడతల శాసనసభ చేత అవుననిపించి, ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చారు. రెండు గట్లలోనూ హైరమ్ ఒక్కడే పద్దెనిమిది వందల సంతకాలు పట్టాడు. కాగితాన్ని గాడిచెక్క కింద పెట్టి బల్ల మీద ఉంచేవాడు, గాలికి పోకుండా. సంతకం పెట్టేవాడికి ఇంకుబుడ్డి పట్టుకునేవాడు.

ఆయనకు దీని మీద ఎందుకంత పంతమో రెండు గట్లకీ తెలుసు. పందొమ్మిదేళ్ల కిందట ఫిబ్రవరి వరదలో ఆయన భార్య లవీనాకి నొప్పులు వచ్చాయి. నది రెండు రోజులు పంటును దించనివ్వలేదు. డాక్టరు అవతలి గట్టున సంచీ పట్టుకుని, మోకాటి లోతు బురదలో, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాడు. అరిస్తే వినపడేంత దూరం. ఏం చెయ్యాలో అరిచి చెబుతుంటే హైరమ్ ఒడ్డుకూ గుడిసెకూ పరిగెత్తాడు. లవీనా దక్కలేదు, బిడ్డా దక్కలేదు. అంతకుముందు ఒకసారి, ఆ తర్వాత మూడుసార్లు, ఇక్కడ వంతెన కావాలని రైతులు సేలమ్‌కు బిల్లు పంపించారు. పొగపడవల కంపెనీవాళ్లకి వంతెన అడ్డం. నాలుగుసార్లూ బిల్లు బల్ల మీదికి రాకుండానే చచ్చింది. ఓసారైతే సభవాళ్లు నలభై రోజులు కుమ్ములాడుకుని, సభే మొదలుపెట్టకుండా ఇళ్లకు పోయారు.

వంతెన వస్తే పంటు పోతుంది, పంటుతో పాటు తన తిండీ పోతుంది. హైరమ్‌కి అది తెలియక కాదు. తిండి పోగొట్టుకోవడానికే ఎనిమిదేళ్లు తిరిగాడు.

పంటు తూర్పు రేవుకు తగిలింది. గొలుసు కొయ్యకు చుట్టి, బండ్లు దిగాక, ఆయన కూడా వాళ్లతో కలిసి బడి దారి పట్టాడు. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు. గడ్డం కత్తిరించుకున్నాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకున్నాడు. రేవు ఖాళీగా వదిలి అరగంటసేపు పైకి పోవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి.

బడిలో పిల్లల బల్లలు గోడకు నెట్టి, ఓట్ల పెట్టె మధ్యలో పెట్టారు. దాని వెనక గోర్హమ్ కూర్చున్నాడు. తూర్పు గట్టున దుకాణం నడిపే మనిషి. ఈసారి ఎన్నికల పెద్దగా కౌంటీ ఆయన్నే వేసింది. గోర్హమ్ చెడ్డవాడు కాదు. రాసి ఉన్నది రాసినట్టు చేసే రకం. ఆయన జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దింపాడు. మళ్లీ దింపాడు. పేజీ తిప్పి చూశాడు.

"నీ పేరు లేదు, హైరమ్."

"సరిగ్గా చూడు."

"చూశాను. పడమటి గట్టువాళ్లలో లేదు, తూర్పు గట్టువాళ్లలో లేదు. నువ్వు నమోదు చేయించుకోలేదు."

ప్రూయిట్ కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నాడు.

జరిగింది ఇదీ. ఏప్రిల్‌లో నోటరీ బెల్చర్ ఓటర్ల పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఒక శనివారం పడమటి గట్టున రైతు సంఘం హాల్లో కూర్చున్నాడు, మరుసటి శనివారం తూర్పు గట్టున ఈ బడిలో. రెండు రోజులూ జనాన్ని పోగేసి పంపించింది హైరమే. ఒరే, పేరు రాయించుకోకపోతే జూన్‌లో గుమ్మం బయట నిలబడతావు అని ఒక్కొక్కడినీ చెవి పట్టి పంపాడు. రెండు రోజులూ తెల్లారినప్పటి నుంచి మోకు వదల్లేదు. పడమటివాళ్లు ఆయన తూర్పున రాయించుకుంటాడనుకున్నారు. తూర్పువాళ్లు పడమట రాయించుకుని ఉంటాడనుకున్నారు. సాయంత్రం నోటరీని, ఆ పుస్తకాన్ని, రెండుసార్లూ నది దాటించింది హైరమే. పుస్తకం నోటరీ ఒళ్లో ఉంది. ఆ పావుగంటా హైరమ్ ఆయనకి జనం చట్టం రాసుకోవడం గురించి చెబుతూనే ఉన్నాడు. నోటరీ బుర్ర ఊపుతూనే ఉన్నాడు. ఆ పుస్తకంలో తన పేరు లేదని ఇద్దరికీ తట్టలేదు.

గోర్హమ్ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. చట్టంలో ఇంకో దారి ఉందని నిదానంగా చెప్పాడు. జాబితాలో లేనివాడు తాను ఇక్కడివాడినేనని ప్రమాణం చేసి, తనను ఎరిగిన ఆరుగురు పట్టాదారుల చేత సాక్షి సంతకాలు పెట్టించి తేవాలి. సొంత పేరున భూమి ఉన్న ఆరుగురు. ఏడు గంటలకు పోలింగు మూసేలోగా. కౌంటీ నుంచి ఇలాంటి కాగితాలు మూడే వచ్చాయి, రెండు అయిపోయాయి, ఇదే చివరిది.

"జాగ్రత్తగా పెట్టుకో, నీళ్లలో పడేసుకోకు," అన్నాడు.

అవతలి ఒడ్డున గంట మోగుతోంది. ఎవరో దాటాలి. హైరమ్ కాగితం మడిచి టోపీలో పెట్టుకుని రేవుకు దిగాడు. ప్రూయిట్ వెనకే వచ్చి, ఇంకొకడిని వంగమని, వాడి వీపునే బల్లగా చేసుకుని మొదటి సంతకం పెట్టాడు. "నువ్వు ఇక్కడివాడివని నేను ప్రమాణం చెయ్యాలా మామా? నది ఇక్కడిదని ఎవడు ప్రమాణం చేశాడు?" అన్నాడు.

బీరులో వేసే హాప్స్ తోటల జర్మన్ క్లింగ్‌మన్ రెండోవాడు. నాలుక బయటపెట్టి, పేరు అచ్చువేసినట్టు రాశాడు. పది గంటలకు బార్లో అన్నదమ్ములు ఎక్కారు, ఇద్దరూ పెట్టారు. నాలుగు. హైరమ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకా రోజంతా ఉంది, నది నిండా మనుషులున్నారు.

ఆ తర్వాత తెలిసొచ్చింది, మనుషులకేం కొదవలేదు, పట్టాదారులే లేరు. కోతమిల్లు కూలీలు పద్నాలుగు మంది ఒకే దఫా ఎక్కారు. అందరూ ఆయన్ని మామా మామా అన్నారు. ఒక్కడికి గజం నేల లేదు. బడి పంతులు ఎక్కాడు, అద్దె గది. పాదిరి ఎక్కాడు, చర్చివాళ్ల ఇల్లు. గుర్రాలకు లాడాలు కొట్టేవాడు, హాప్స్ కోసేవాళ్లు, కౌలు రైతులు. ఇరవై నాలుగేళ్లుగా ఎవడి కాళ్ల కింద ఏముందో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇవాళ ఒక్కొక్కడిని అడగాల్సి వచ్చింది. అడిగిన ప్రతిసారీ అవతలివాడు తల దించుకున్నాడు, తప్పు తనదైనట్టు. కళ్లెదుట ఉన్న మనిషి ఉన్నాడని చెప్పడానికి కూడా భూమి ఉండాలట. ఆ రూలు రాసినవాళ్లు సేలమ్‌లో మెత్తటి కుర్చీల్లో కూర్చుని రాశారు.

మధ్యాహ్నం చర్చి పనులు చూసే డీకన్ కోరీ ఎక్కాడు. నూట అరవై ఎకరాలున్న పెద్దాయన. ఆరేళ్ల కిందట దరఖాస్తు మీద చదవకుండానే సంతకం పెట్టిన మనిషి. ఇవాళ కళ్లజోడు తుడుచుకుని కాగితాన్ని మూడుసార్లు చదివాడు. పంటు అవతలికి చేరేదాకా చదివాడు.

"ఇది ప్రమాణం, హైరమ్. తప్పయితే జైలు."

"తప్పేముంది అయ్యా ఇందులో? నేను ఇక్కడ ఉండట్లేదా?"

"ఉంటున్నావు. కానీ ఏ గట్టున ఉంటున్నావో నేను ఒట్టేసి చెప్పలేను. పొద్దున ఇటుంటావు, సాయంత్రం అటుంటావు."

రాష్ట్రమంతటికీ కొత్త చట్టం కావాలంటే గుడ్డిగా గీకేసినవాడు, ఒక్క మనిషి ఉనికికి సంతకం పెట్టమంటే కాగితం తిరిగి ఇచ్చేశాడు. హైరమ్ దాన్ని బల్ల మీద గాడిచెక్క కింద పెట్టాడు. ఓటేసి తిరిగొచ్చేటప్పుడు కోరీ బల్ల దగ్గరికి పోయి ఐదో సంతకం పెట్టాడు. రేవు దగ్గర ఆయన భార్య ఏదో అన్నదట. ఏమన్నదో చెప్పలేదు.

ఐదు. హైరమ్ తిండికి తెచ్చుకున్న ఎండు ఆపిల్ ముక్కలూ మొక్కజొన్న రొట్టే బల్ల కిందే ఉండిపోయాయి. ఎడమ చెయ్యి పొద్దుటి నుంచి గుంజుతోంది. మోకు తడిసి బరువెక్కిందనుకున్నాడు. చెయ్యి మార్చి పట్టుకున్నాడు.

మూడున్నరకు పడమటి రేవులో ఆర్ఫా డన్నింగ్ గంట కొట్టింది. ఆమె ఒక్కసారే కొడుతుంది, గట్టిగా. ఏడు పదులకు దగ్గరపడ్డ విధవ. ఎనభై ఎకరాలు, సొంత పేరున, మొగుడు పోయాక పదిహేడేళ్లుగా తనే దున్నిస్తోంది. ఎనిమిదేళ్ల కిందట హైరమ్ తెచ్చిపడేసిన, ఈ కొత్త హక్కుల గురించిన అచ్చు కాగితాలను పుస్తకాలుగా కుట్టింది ఆమె వంటింట్లోనే. చలికాలం నాలుగు నెలలు. పొయ్యి పక్కన హైరమ్ కాగితాలు మడిచేవాడు, ఆమె దబ్బనంతో మూడు పోట్లు పొడిచి మైనం పట్టించిన దారం లాగేది. చుట్టుపక్కల ఆడవాళ్లు పదిమంది వచ్చేవారు. వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని కుట్టేవారు. ఆరెగాన్‌లో మగవాళ్లు చదివి తలలూపిన పుస్తకాలు అవి.

ఆ చలికాలంలో ఒకరోజు ఆర్ఫా దారం కొరికి, ఇందులో ఆడవాళ్ల ఓటు గురించి ఒక్క వాక్యం కూడా లేదేమని అడిగింది. హైరమ్ నసిగాడు. ఇప్పుడే అది కలిపితే సగంమంది మగవాళ్లు పుస్తకం పొయ్యిలో పడేస్తారన్నాడు. ముందు తలుపు తెరవనీ, తర్వాత అందులోంచే నువ్వూ వస్తావన్నాడు. ఆమె తరువాతి పుస్తకం తీసుకుని మూడు పోట్లు పొడిచింది.

ఇప్పుడు పంటు ఎక్కి, ఆయన మొహం చూసి, ఏమైందని అడిగింది. చెప్పాడు. ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, చెయ్యి చాచింది.

"కాగితం ఇలా తే. నాకు పట్టా ఉంది కదా."

హైరమ్‌కు పొద్దుటి నుంచీ ఆమె పేరు తట్టలేదు. ఎనిమిదేళ్లు ఆమె పొయ్యి దగ్గర చలి కాచుకున్నవాడికి, పట్టాదారులెవరని వేళ్లు మడిచి లెక్కపెడితే ఆమె ఏ వేలిలోనూ రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. గాడిచెక్క ఎత్తి కాగితం ఇచ్చాడు. ఆమె ఆరో గీత మీద నిండుగా రాసింది: ఆర్ఫా జేన్ డన్నింగ్.

ఇద్దరూ కలిసి బడికి ఎక్కారు. వాలు మీద హైరమ్ రెండుసార్లు ఆగాడు. ఆమె కూడా ఆగింది, చెట్లు చూస్తున్నట్టు.

గోర్హమ్ ఐదు పేర్లు తల ఊపుతూ చదివాడు. ఆరో పేరు దగ్గర ఆగిపోయి కళ్లజోడు తీసేశాడు.

"ఇది కుదరదు, ఆర్ఫమ్మా."

"ఏం, నాకు భూమి లేదా?"

"ఉంది. కానీ ఓటు లేని మనిషి ఇంకొకరి ఓటుకు సాక్షి ఎలా అవుతుంది?"

"పట్టాదారు అని రాశారు గదా. మగవాడని ఎక్కడుందో చూపించు."

గోర్హమ్ పుస్తకం తీశాడు. నిజాయితీగానే వెతికాడు. రెండు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. పక్కన కూర్చున్న గుమాస్తా కూడా మెడ చాచి చూశాడు.

"ఎక్కడా రాయలేదమ్మా," అన్నాడు చివరికి. "రాయాల్సిన పని పడుతుందని ఎవరూ అనుకున్నట్టు లేదు." తర్వాత హైరమ్ వైపు తిరిగి, ఆ పేరు కొట్టేసి, పైన ఇంకొక మగమనిషి చేత పెట్టించుకు రమ్మన్నాడు. కాగితం నీది, కొట్టివేత నీ చేత్తోనే ఉండాలి, పక్కన నీ పొడి అక్షరాలు వెయ్యి, నేను తీసుకుంటాను అన్నాడు. అంతకన్నా మంచితనం ఆయన పుస్తకంలో లేదు.

హైరమ్ ఆర్ఫా వంక చూడలేక బల్ల మీది పెన్ను వంక చూశాడు. కాగితం మడిచి టోపీలో పెట్టుకుని బయటికి నడిచాడు.

మెట్ల మీద ఆర్ఫా ఆగింది.

"ఎనిమిదేళ్ల కిందట నువ్వు చెప్పిందే గోర్హమ్ చెప్పాడు," అంది. కోపంగా అనలేదు. "ఆయన నోట వింటే పెద్దగా ఏమీ అనిపించలేదు. నీ నోట విన్నప్పుడు వారం రోజులు నిద్ర పట్టలేదు."

"అప్పట్లో ఇంకో దారి కనపడలేదు ఆర్ఫా."

"నాకు తెలుసు. అందుకే కుట్టాను." ఆమె షాలు భుజాల మీద సర్దుకుంది. "కొట్టేసుకో. నీ ఓటు నువ్వు వేసుకో. నేనేం అనుకోను. ఇక్కడే కూర్చుని లెక్క పూర్తయ్యేదాకా ఉంటాను, లోపలికి రానివ్వరు గానీ కిటికీ తెరిచే ఉంది."

ఆయన ఒక్కడే రేవుకు దిగాడు.

అయిదున్నర దాకా పట్టాదారు ఎవడూ రాలేదు. పడమటి గట్టున మిగిలినవాడు ఒక్కడే, కోతమిల్లు యజమాని స్ప్రాగ్. రెండు వేల ఎకరాల అడవి అతనిది. ఒక విడత శాసనసభలో కూర్చుని వచ్చాడు. నాలుగో వంతెన బిల్లు చచ్చిన విడత అదే. ఆరు దాటాక నల్లగుర్రాల బగ్గీలో దిగాడు. పంటు మీద అతనూ హైరమూ గుర్రాలూ తప్ప ఎవరూ లేరు.

"విన్నాను మామా," అన్నాడు స్ప్రాగ్ చుట్ట వెలిగిస్తూ. "ఇంత పెద్ద రాష్ట్రానికి చట్టాలు రాస్తానంటివి. నీ పేరు నువ్వు రాసుకోలేకపోయావు."

హైరమ్ చెక్క తగిలించి నడిచాడు. ఊపిరి లోపలికి సగమే పోతోంది.

స్ప్రాగ్ ఇవాళ మంచి హుషారులో ఉన్నాడు. ఆ చట్టం ఎలాగూ గెలుస్తుందనీ, రెండు పార్టీలూ తలూపాక తనలాంటివాళ్లు అడ్డం పడితే నవ్వులపాలేననీ, తను కూడా అవుననే వెయ్యబోతున్నాననీ చెప్పాడు. జనం చేతికి కలం వస్తే, ఆ కలాన్ని కొనుక్కోవడమెలాగో కంపెనీలు ఏడాదిలో నేర్చుకుంటాయన్నాడు. ఆ మాట హైరమ్‌కి గుచ్చుకుంది. అబద్ధమని అనలేకపోయాడు.

నది మధ్యకు వచ్చారు. స్ప్రాగ్ కోటు లోపలి నుంచి పెన్ను తీశాడు.

"తే, ఆ కాగితం. నేను పెడతాను. నీలాంటి మొండివాడు ఓటెయ్యకుండా చస్తే నాకు సరదా ఏముంది?"

హైరమ్ కాగితం తీసి బల్ల మీద పరిచి, దాని మీద చెక్క పెట్టాడు. స్ప్రాగ్ వంగి చూశాడు.

"ఇందులో ఖాళీ లేదే. ఓహో, డన్నింగ్ ముసలమ్మా? అదా సంగతి." నవ్వాడు. పెన్ను తిప్పి, పిడివైపు హైరమ్‌కి అందించాడు. "కొట్టు. కొట్టి పక్కన నీ అక్షరాలు వెయ్యి. పైన నేను గీకేస్తాను. ఇంకా ముప్పావు గంట ఉంది, మెల్లగా ఎక్కినా అందుకుంటావు."

హైరమ్ పెన్ను పుచ్చుకున్నాడు. పంటు తాడుకు వేలాడుతూ నిలబడిపోయింది. నీళ్లు పలకల కింద గలగలమంటూ పోతున్నాయి. పద్దెనిమిది వందల సంతకాలు పట్టిన మనిషి. వాటిలో ఒక్కటి కూడా కొట్టెయ్యలేదు. వంకర పేర్లు, వేలిముద్రలు, తాగి పెట్టినవి, అన్నీ మోసుకుపోయి ఇచ్చాడు. ఒక్క గీత. ఆర్ఫా కొట్టుకోమనే అంది. ఆ గీత గీస్తే పెట్టె దగ్గర నిలబడి, లవీనా పేరు మనసులో అనుకుని, అవునని ముద్ర వెయ్యొచ్చు. ఎనిమిదేళ్లుగా పక్క మీద పడుకుని కళ్లు మూసుకుని చూసుకున్న బొమ్మ అది.

పెన్ను మొన ఆ పేరు మొదటి అక్షరం దాకా వెళ్లింది.

"నన్ను ఎరిగినవాళ్ల పేర్లట," అన్నాడు హైరమ్, స్ప్రాగ్‌తో కాదు, కాగితంతో. "ఈ ఆరుగురిలో నన్ను ఎరిగింది ఈవిడ ఒక్కతే."

పెన్ను తిరిగి ఇచ్చేశాడు.

స్ప్రాగ్ ఆయన్ని చిత్రంగా చూశాడు. "పిచ్చి ముసలాడా, ఇది ఎవడు చూస్తాడు? ఎవడికి తెలుస్తుంది?"

హైరమ్ కాగితం మీద పెట్టిన చెక్క తీసి, గాలికి కింద పడ్డ కాగితాన్ని బూటుతో తొక్కి ఆపి బల్ల కాలి కిందికి తోసి, చెక్కను మోకుకు తగిలించాడు. మిగిలిన పదకొండు నడకలూ నడిచాడు. స్ప్రాగ్‌ను దించాడు. బగ్గీ వాలెక్కి బడి వైపు పోవడం చూశాడు. గొలుసు కొయ్యకు చుట్టాడు. వంగి కాగితం తీసి, మీద పడ్డ బూటు తడిని చొక్కా చేతితో ఒత్తి, బల్ల మీద పరిచి, మీద చెక్క పెట్టాడు. పక్కనే కూర్చున్నాడు.

ఏడింటికి గోర్హమ్ బడి గుమ్మంలోకి వచ్చి, పోలింగు మూసేశామని ఆనవాయితీ ప్రకారం మూడుసార్లు కేక పెట్టాడు. జూన్ పొద్దు ఇంకా చెట్లకు రెండు బారలు పైనే ఉంది. మూడో కేక నది మీదుగా పోయి అవతలి గట్టుకు తగిలి తిరిగొచ్చింది.

కిటికీ కింద ఆర్ఫా విన్నది. లోపల చీటీలు ఒక్కొక్కటే పైకి చదువుతున్నారు. అవును. అవును. అవును. మొదటి ముప్ఫైలో కాదన్నది ఒక్కటే. ఆమెకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. ఆయనకు చెప్పాలని రేవుకు దిగింది. దూరం నుంచే చెప్పడం మొదలుపెట్టింది. నువ్వు ఏ ఓటూ వెయ్యకుండానే గెలుస్తున్నావయ్యా, ఎప్పుడూ నీ అదృష్టమింతే, లే, నన్ను ఇంటికి దాటించు అంది. ఆయన వీపు కొయ్యకు ఆన్చి కూర్చున్నాడు. టోపీ ఒళ్లో ఉంది. రెండు అరచేతులూ పైకి తెరిచి ఉన్నాయి.

అవతలి ఒడ్డున ఎవరో గంట కొట్టారు. ఆగి, మళ్లీ కొట్టారు. ఆయన లేవలేదు. ఆ గంటకు ఆయన లేవకపోవడం ఆర్ఫా ఎన్నడూ చూడలేదు. ఆమె పంటు మీదికి అడుగుపెట్టి, తెరిచి ఉన్న ఆయన కళ్లు మూసి, పక్కన బల్ల మీద కూర్చుంది. గంట చాలాసేపు మోగింది.

ఆ బడిలో నూట పద్దెనిమిది అవును, పది కాదు. రాష్ట్రమంతటా ఒక్క కాదుకు పదకొండు అవునులు. ఆయన ఓటు లేకపోయినా ఏమీ తక్కువ కాలేదు. ఆ కొత్త హక్కుతోనే ఆడవాళ్ల ఓటు కోసం మూడుసార్లు చట్టం పెట్టారు. మగవాళ్లు మూడుసార్లూ కాదన్నారు. నాలుగోసారికి పదేళ్లు పట్టింది. ఆ ఏడు నవంబరులో చట్టం గెలిచింది. ఆర్ఫాకి అప్పటికి ఎనభై దగ్గర, మంచం దిగడం లేదు.

ఆమె వంటింటి కిటికీ గట్టున గాడిచెక్క ఇప్పటికీ ఉంది. కిటికీ తుడిచేవాళ్లు దాన్ని ఎత్తి మళ్లీ అక్కడే పెడతారు. రెండు కొసలా అరిగిన గుంటల్లో ఎవరి చెయ్యీ కుదరదు. దాని కింద ఒక కాగితం, బూటు మరక పడి పసుపెక్కింది. ఆరు పేర్లు. దేని మీదా గీత లేదు.